గిటార్ శ్రుతి ఎందుకు నిలవదు? కీల కంటే ముందు చూడాల్సిన చోట్లు

క్లుప్తంగా

ఎలక్ట్రిక్ గిటార్ శ్రుతి పదే పదే తప్పుతుంటే మొదటి అనుమానం తీగలు బిగించే ట్యూనింగ్ కీల మీదికే పోతుంది. చాలాసార్లు తప్పు వాటిది కాదు, తీగ నడిచే దారిది. నెక్ చివర ఉండే నట్ అనే ముక్క గాడిలో తీగ ఇరుక్కోవడం, కీకి చుట్టిన చుట్లు జారడం, తీగల రెండో కొసను పట్టి స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జ్ తన చోటికి తిరిగి రాకపోవడం అసలు కారణాలు. దక్షిణ ఒడిశాలో వీటికి వాతావరణం తోడవుతుంది. శ్రుతి పైకి పోయిందా కిందికి పోయిందా, ఒక తీగదా అన్నిటిదా, ఏం వాయించాక పోయింది అన్నవి గమనిస్తే కారణం చాలావరకు దొరికిపోతుంది.

రెండో పాటకే దిగిపోయే శ్రుతి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అటు చేరిన ఈ ఊళ్లలో తెలుగు ఇళ్లు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. పాట కూడా రెండు భాషల్లో నడుస్తుంది. దసరా పందిళ్ల దగ్గర, అమ్మవారి యాత్రల్లో మెలోడీ పార్టీలు ఒక తెలుగు సినిమా పాట, ఒక ఒడియా పాట, మధ్యలో ఒక సంబల్‌పురి పాట అందుకుంటాయి. చర్చిల్లో ఆదివారం పాటల బృందాలకూ గిటార్ మామూలైపోయింది. అన్ని చోట్లా సమస్య ఒకటే. సాయంత్రం ఇంట్లో శుభ్రంగా ట్యూన్ చేసిన గిటార్ స్టేజీ మీద రెండో పాటకే శ్రుతి దిగిపోతుంది.

వీణతో పోల్చి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. రాయగడ నుంచి రైలెక్కితే బొబ్బిలి ఎంతో దూరం కాదు. అక్కడి వీణల పేరు ఈ ప్రాంతమంతా తెలిసిందే. వీణ బిరడ చెక్కది, కేవలం రాపిడి మీద నిలబడుతుంది. రాపిడి తగ్గితే జారుతుంది. కచేరీలో కీర్తనకూ కీర్తనకూ మధ్య వైణికులు బిరడ సవరించుకుంటే ఎవరూ తప్పు పట్టరు. గిటార్ కీ అలాంటిది కాదు. దాని లోపల పళ్ల చక్రం, మరచుట్టు ఉంటాయి. కీని సుమారు 14 నుంచి 18 సార్లు తిప్పితేగానీ తీగ చుట్టుకున్న స్తంభం ఒక్క చుట్టు తిరగదు. తీగ ఎంత లాగినా ఆ చక్రం తనంతట తాను వెనక్కి తిరగదు. పళ్లు అరిగిపోయిన పాత కీలు, చవక గిటార్లలో స్క్రూలు వదులైన కీలు దీనికి మినహాయింపు. ఈ లెక్కన శ్రుతి పోగానే కొత్త కీల సెట్ కొనడం చాలామందికి దండగ ఖర్చే.

ఒక మిల్లీమీటరులో పదో వంతు

తీగ ఎంత బిగువుగా ఉంటే స్వరం అంత పైకి వెళ్తుంది. అయితే రెండూ ఒకే లెక్కన పెరగవు. స్వరం బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుందని ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లోనే సూత్రం చెప్పాడు. బిగువు ఒక శాతం తగ్గితే స్వరం అర శాతం తగ్గుతుంది. శ్రుతి చూపే ట్యూనర్ భాషలో ఇది సుమారు 9 సెంట్లు. ఒక ఫ్రెట్‌కూ పక్క ఫ్రెట్‌కూ (వీణకు మెట్ల లాంటివి) మధ్య దూరం 100 సెంట్లు. ఐదారు సెంట్ల తేడా పాట హోరులో చాలామందికి పట్టదు. పదిహేను, ఇరవై దాటితే సంగీతం రానివాళ్లకు కూడా ‘ఏదో తేడాగా ఉంది’ అనిపిస్తుంది.

ఇక్కడే మూడో తీగ కథ మొదలవుతుంది. ‘జీ తీగే ఎందుకు ఎప్పుడూ తప్పుతుంది’ అని గిటార్ పట్టిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు అడిగి ఉంటారు. నైన్ సెట్ అని పిలిచే సన్న తీగల సెట్‌ను నట్ నుంచి బ్రిడ్జ్ వరకు 25.5 అంగుళాలున్న గిటార్‌కు ఎక్కించామనుకుందాం. ఆ నిడివిలో ఒకటో తీగ దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు సాగి ఉంటుంది. మూడో తీగ దానికంటే లావు. శ్రుతికి రావడానికి అది సాగేది ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. ఇప్పుడు ఎక్కడో ఒక చోట తీగ పదో వంతు మిల్లీమీటరు జారిందనుకుంటే ఒకటో తీగ సుమారు 20 సెంట్లు దిగుతుంది, మూడో తీగ 50 సెంట్ల దాకా దిగుతుంది. జారింది ఒకటే, నష్టం మాత్రం రెండున్నర రెట్లు. మూడో తీగలో లోపమేమీ లేదు. చిన్న జారుడును కూడా అది దాచుకోలేదు.

పాడేవాళ్ల గొంతు కోసం గిటార్‌ను అరస్వరం దించి ట్యూన్ చేసే బృందాల్లో ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. అరస్వరం దించితే బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. వదులు తీగ వేలి ఒత్తిడికే పైకి పోతుంది. అలా దించే అలవాటున్నవాళ్లు ఒక సైజు లావు సెట్ వేసుకుంటే ఆ మేరకు సర్దుకుంటుంది.

ఇరుక్కునేది నట్ దగ్గర

నట్ అంటే బోల్టుకు బిగించే నట్ కాదు. నెక్ చివర, కీలకు ముందు ఉండే చిన్న ఎముక ముక్కో ప్లాస్టిక్ ముక్కో. దానికి ఆరు గాడులు ఉంటాయి. ఊరికే తీగల మధ్య ఎడం చూసే ముక్కలా కనిపిస్తుంది గానీ శ్రుతి గొడవల్లో సగం పుట్టేది ఇక్కడే.

తీగ గాడిలో నున్నగా జారాలి. గాడి ఇరుకైతే, గరుకైతే తీగ అక్కడ పట్టుకుంటుంది. కీ తిప్పుతుంటే స్వరం కదలకుండా ఉండి, ఉన్నట్టుండి ‘టిక్’మని చప్పుడు చేసి ఒక్కసారిగా పైకి దూకుతుంది. ఆ చప్పుడే నట్ ఇచ్చే వాంగ్మూలం. నైన్ సెట్‌కు కోసిన గాడుల్లో దానికంటే లావైన టెన్ సెట్ ఎక్కించినప్పుడు ఇది మరీ ఎక్కువ. ‘తీగలు లావువి వేశాక శ్రుతి అసలు నిలవడం లేదు’ అనేవాళ్లలో చాలామంది గాడి సంగతి చూసి ఉండరు.

ఇరుక్కున్న తీగ ఎటు తప్పుతుందనేది వాయింపును బట్టి ఉంటుంది. తీగను పక్కకు లాగి బెండ్ చేసినప్పుడు కీ వైపు నుంచి కొద్దిగా తీగ నట్ దాటి ఇవతలికి వస్తుంది. వేలు వదిలాక ఆ కొద్దిపాటి తీగ వెనక్కి పోవాలి. గాడి పట్టుకుంటే పోదు. ఇవతల తీగ ఎక్కువైంది కాబట్టి శ్రుతి దిగుతుంది. బ్రిడ్జ్‌ను కదిలించే హ్యాండిల్ కొన్ని గిటార్లకు ఉంటుంది, దాన్ని నొక్కితే దీనికి తిరగబడుతుంది. బిగువు తగ్గిన తీగను నట్ అవతలి భాగం తన వైపు లాక్కుంటుంది. హ్యాండిల్ వదిలాక ఆ తీగ ఇవతలికి రాకపోతే శ్రుతి పైకి పోతుంది. బెండ్ తర్వాత కిందికి, హ్యాండిల్ తర్వాత పైకి. ఈ రెండూ కనిపిస్తే నట్ తప్ప మరొకరిని అనుమానించనక్కర్లేదు.

పరీక్ష తేలికే. శ్రుతి తప్పిన తీగను నట్‌కూ కీకీ మధ్య వేలితో కిందికి నొక్కి వదలాలి. శ్రుతి చటుక్కున మారితే తీగ గాడిలో ఇరుక్కుని ఉన్నట్టే. తాత్కాలిక మందు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. స్కూలు పెన్సిల్ ముక్కు గాడిలో రుద్దితే చాలు. పెన్సిల్ లోపలి గ్రాఫైట్ పొడి కందెనలా పనిచేస్తుంది. కొంతమంది ఆ పొడిలో కాస్త వాసెలిన్ కలుపుతారు. వంటనూనె, కొబ్బరినూనె మాత్రం పనికిరావు. దుమ్మును పట్టుకుని నాలుగు రోజుల్లో బంకగా మారతాయి.

హెడ్ ఆకారం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. కీలు మూడు అటు, మూడు ఇటు ఉండి వెనక్కి వాలిన హెడ్ అయితే మధ్యలోని మూడో, నాలుగో తీగలు నట్ దాటగానే పక్కకు మలుపు తిరుగుతాయి. మలుపు ఎంత ఉంటే రాపిడి అంత. గిబ్సన్ తరహా గిటార్లలో జీ తీగ అల్లరికి ఇది అదనపు కారణం. ఆరు కీలూ ఒకే వైపున్న ఫెండర్ తరహా హెడ్ మీద తీగలు తిన్నగా వెళ్తాయి. అయితే అక్కడ సన్న తీగలను కిందికి అదిమే చిన్న కొక్కెం ఉంటుంది, దాని కింద కూడా తీగ పట్టుకుంటుంది. పెన్సిల్ రుద్దేటప్పుడు దాన్ని మరిచిపోవడం మామూలే.

చుట్లు, కొత్త తీగలు

చాలా కొత్త గిటార్ల విషయంలో జవాబు ఇక్కడితోనే అయిపోతుంది. సన్న తీగకు స్తంభం మీద రెండు మూడు చుట్లు, లావు తీగకు రెండు చాలు. ఏడెనిమిది చుట్లు ఒకదానిమీద ఒకటి ఎక్కితే వాయించేకొద్దీ అవి సర్దుకుంటూ, బిగుసుకుంటూ శ్రుతిని దించుతుంటాయి. ఒక్క చుట్టు కూడా సరిగ్గా లేకపోతే తీగ జారిపోతుంది.

కొత్త తీగలు వేసిన రోజే ప్రోగ్రాం పెట్టుకోవడం తెలిసి చేసే తప్పు. తీగ ఎక్కించాక చేత్తో పట్టుకుని నెమ్మదిగా పైకి లాగాలి, మళ్లీ ట్యూన్ చేయాలి. లాగినా శ్రుతి కదలని స్థితి వచ్చేదాకా ఇలా నాలుగైదుసార్లు చేస్తే సరిపోతుంది. ట్యూన్ చేసేటప్పుడు ఎప్పుడూ కింది నుంచి పైకే రావాలి. స్వరం దాటిపోతే బాగా కిందికి దించి మళ్లీ ఎక్కాలి. పైనుంచి దించి ఆపేస్తే గేరు పళ్ల మధ్య కాస్త సందు మిగిలిపోతుంది, మొదటి బెండ్‌కే ఆ సందు శ్రుతిని మింగేస్తుంది.

హ్యాండిల్ ఉన్న గిటార్లు

ఇప్పుడు దుకాణాల్లో దొరికే చవక ఎలక్ట్రిక్ గిటార్లలో చాలావాటి బ్రిడ్జ్, లియో ఫెండర్ కంపెనీ 1954లో స్ట్రాటోకాస్టర్ అనే గిటార్‌తో తెచ్చిన నమూనాకు నకలే. హ్యాండిల్ నొక్కితే బ్రిడ్జ్ ముందుకు వాలుతుంది, స్వరం జారుతుంది. దీన్ని ట్రెమోలో అనడం ఆ కంపెనీ పెట్టిన పేరు వల్ల వచ్చిన అలవాటు. స్వరాన్ని కదిలించేది వైబ్రాటో, ట్రెమోలో అంటే ధ్వని హెచ్చుతగ్గులు. పేరు తప్పుగానే స్థిరపడిపోయింది.

ఈ బ్రిడ్జ్ ఒక త్రాసు లాంటిది. ముందు వైపు తీగలు లాగుతాయి, గిటార్ వీపు వైపు గూట్లో ఉన్న మూడు నుంచి ఐదు స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. నైన్ సెట్ ఆరు తీగల బిగువు కలిపితే దాదాపు 38 కిలోల బరువుతో సమానం. ఈ రెండు లాగుళ్లు ఎక్కడ సమానమైతే బ్రిడ్జ్ అక్కడ నిలుస్తుంది. అందుకే ఒక తీగ బిగిస్తే మిగతా ఐదూ కాస్త దిగుతాయి. ఆరోదాకా ట్యూన్ చేసి మళ్లీ ఒకటోది చూస్తే అది తప్పి ఉంటుంది. గిటార్ పాడైందని కంగారుపడేవాళ్లు ఉంటారు గానీ తేలే బ్రిడ్జ్ స్వభావమే అది. మధ్యలో ఒక తీగ తెగితే స్ప్రింగులది పైచేయి అయి మిగతా అన్ని తీగలూ పైకి లేస్తాయి. అంటే ఆ పాట అక్కడితో సరి.

లావు సెట్‌కు మారినప్పుడు బ్రిడ్జ్ ముందుకు లేచి నిలబడటం కూడా ఈ త్రాసు లెక్కే. స్ప్రింగులు పట్టుకున్న రేకు మీది రెండు స్క్రూలను కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ ట్యూన్ చేస్తూ పోతే బ్రిడ్జ్ మళ్లీ సమంగా కూర్చుంటుంది.

1970ల చివర్లో ఫ్లాయిడ్ రోజ్ కనిపెట్టిన బ్రిడ్జ్ తీగను నట్ దగ్గరా, బ్రిడ్జ్ దగ్గరా రెండు చోట్లా బిగించేస్తుంది. జారే చోటే లేకుండా చేయడం దాని సూత్రం. మంచి రకం అయితే హ్యాండిల్ ఎంత ఆడించినా శ్రుతి తిరిగి వస్తుంది. చవక నకళ్లలో బ్రిడ్జ్ ఆనుకునే కత్తివాదర లాంటి అంచులు మెత్తటి లోహంతో చేస్తారు, అవి అరిగాక ఎంత సవరించినా లాభం ఉండదు. పైగా మధ్యలో తీగ తెగితే మార్చడానికి అలెన్ కీ (ఆరు పలకల రెంచి), తీరిక రెండూ కావాలి.

మెలోడీ పార్టీలో రెండు గంటలు తాళం పట్టి కార్డ్‌లు, అంటే కలిపి మోగే స్వరాలు, వాయించే గిటార్‌కు హ్యాండిల్ అవసరమే తక్కువ. స్ప్రింగులు బిగించి బ్రిడ్జ్‌ను ఒంటికి ఆనించేస్తే, లేదా గూట్లో చిన్న చెక్క ముక్క ఇరికించి కదలకుండా చేస్తే శ్రుతి బాధ సగం పోతుంది. కొత్త విడిభాగాలు కొనేముందు చేయదగిన మంచి పని ఇదే. ఖర్చు లేదు, కావాలంటే మళ్లీ వదులు చేసుకోవచ్చు.

ఘాట్ ఎక్కితే ఒకటి, సముద్రం దగ్గర ఒకటి

ఉక్కు వేడికి వ్యాకోచిస్తుంది. పాత రైలు పట్టాల మధ్య సందులు వదిలింది అందుకే. తీగా ఉక్కే కాబట్టి వేడెక్కితే సాగుతుంది, శ్రుతి దిగుతుంది. చల్లబడితే ముడుచుకుని పైకి పోతుంది. చెక్క నెక్ అంత త్వరగా మారదు, మార్పు మొదట తగిలేది తీగలకే. ఫోకస్ లైట్ల కింద తీగలు మాత్రమే పది డిగ్రీలు వేడెక్కితే ఒకటో తీగ సుమారు 15 సెంట్లు, మూడో తీగ సుమారు 40 సెంట్లు దిగగలవు. చేతి వేడి, గాలి కలిసి ఆ తేడాను కొంత తగ్గిస్తాయి గానీ పూర్తిగా పోగొట్టవు.

కోరాపుట్ పీఠభూమి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. నవంబరులో పరబ్ ఉత్సవాలు మొదలయ్యేసరికి రాత్రిళ్లు చలి గట్టిగానే ఉంటుంది. రాయగడ నుంచో బరంపురం నుంచో మధ్యాహ్నం బయల్దేరి, ఘాట్ ఎక్కి, రాత్రి ఆరుబయట స్టేజీ మీద వాయించే బృందానికి గిటార్ మొదట పైకి పోతుంది. లైట్లు వేశాక కిందికి వస్తుంది. మధ్యాహ్నం గిటార్ ఉన్నది వ్యాను టాపు మీద అయితే చెప్పక్కర్లేదు. దీనికి విరుగుడు ఒక్కటే, ఓపిక. కార్యక్రమానికి అరగంట ముందే కవరులోంచి తీసి స్టేజీ మీద లైట్ల వెలుగులో ఉంచి, చివరి నిమిషంలో ట్యూన్ చేయడం.

తేమది ఇంకో దారి. అది తీగను కాదు, చెక్కను పట్టుకుంటుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్ చెక్క స్థిమితంగా ఉంటుందని తయారీదారుల లెక్క. బరంపురం, గోపాల్‌పూర్ వైపు వానాకాలంలో తేమ దీనికి చాలా పైన ఉంటుంది, కొండమీది చలికాలంలో తగ్గుతుంది. చెక్క తేమ పీల్చి ఉబ్బడం, వదిలి ముడుచుకోవడం వల్ల నెక్ వంపు మారుతుంది, దాంతో తీగల ఎత్తు, స్వరం రెండూ మారతాయి. ఇది ఒక రాత్రిలో జరగదు, వారాల్లో జరుగుతుంది. నెక్ లోపలి ఇనుప కడ్డీని, అదే ట్రస్ రాడ్‌ను, పావు చుట్టుకు మించకుండా తిప్పి ఒక రోజు ఆగి చూడటం దీనికి సరైన పద్ధతి. ఒకే ఊపున రెండు చుట్లు తిప్పేస్తే కడ్డీ మర దెబ్బతినే ప్రమాదం ఉంది.

సముద్రపు గాలిలోని ఉప్పు, చేతి చెమట కలిసి తీగలకు తుప్పు పట్టిస్తాయి. తుప్పు తీగ పొడవునా సమానంగా పట్టదు. ఒక చోట లావు, ఒక చోట సన్నమైన తీగకు సరైన స్వరమంటూ ఉండదు. ఖాళీ తీగ ట్యూనర్‌లో సరిగ్గా చూపించినా ఐదో ఫ్రెట్ దగ్గర తప్పుతుంది. వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే తీగల ఆయుష్షు ఎంతో పెరుగుతుంది.

ట్యూనర్ సరే అంటుంది, చెవి ఒప్పుకోదు

కొన్నిసార్లు గిటార్ శ్రుతి తప్పదు, తప్పినట్టు వినిపిస్తుంది. ముందు చూడాల్సింది ట్యూనర్ మీది అంకె. హెడ్‌కు తగిలించే చిన్న ట్యూనర్లలో ఒక మీట పొరపాటున నొక్కుకుంటే ఏ స్వరానికి ప్రమాణమైన 440 హెర్ట్జ్ కాస్తా 438 అవుతుంది. గిటార్ అంతా ఒకదానితో ఒకటి కలుస్తుంది, కీబోర్డుతో మాత్రం కలవదు. ఫోన్ యాప్‌లు మైకుతో వింటాయి కాబట్టి డప్పులు, డ్రమ్ములు మోగుతున్న చోట తికమకపడతాయి. కంపనాన్ని నేరుగా పట్టే క్లిప్ ట్యూనర్, లేదా కేబుల్ గుచ్చే పెడల్ ట్యూనర్ అక్కడ నమ్మదగినవి.

కొన్ని బృందాల్లో ఇప్పటికీ పాత హార్మోనియం ఉంటుంది. దాని రీడ్‌లు 440కి సరిగ్గా ఉండాలని లేదు. గాయకులు ‘ఐదు శ్రుతి’ అన్నప్పుడు హార్మోనియం ఇచ్చే ఐదూ, కీబోర్డు జీ స్వరమూ ఒకటే కాకపోవచ్చు. అప్పుడు గిటార్ ట్యూనర్‌ను కాదు, హార్మోనియాన్ని చూసి ట్యూన్ కావాలి. హార్మోనియాన్ని స్టేజీ మీద మార్చలేం కదా.

ఖాళీ తీగలు బాగుండి, పై ఫ్రెట్లలో తప్పుతుంటే బ్రిడ్జ్ మీద తీగ ఆనుకునే సాడిల్ చోటు చూడాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను తాకీ తాకనట్టు మీటి వచ్చే స్వరాన్ని, అక్కడే నొక్కితే వచ్చే స్వరంతో పోల్చాలి. నొక్కినది పైకి ఉంటే సాడిల్‌ను వెనక్కి జరపాలి, కిందికి ఉంటే ముందుకు. అన్ని ఫ్రెట్లలోనూ కార్డ్‌లు కొంచెం పైకే వినిపిస్తే తప్పు చేతిది కావచ్చు. ఎత్తయిన ఫ్రెట్ల మీద గట్టిగా నొక్కే అలవాటు స్వరాన్ని పెంచుతుంది.

చివరికి అన్నీ సరిగ్గా ఉన్నా మిగిలే తేడా ఒకటి ఉంది. గిటార్ ఫ్రెట్లు పన్నెండు స్వరాలను సమాన దూరంలో పంచి వేసినవి. ఆ పంపకంలో అంతర గాంధారం సహజ స్థానం కంటే సుమారు 14 సెంట్లు పైన కూర్చుంటుంది. తంబూరా మీద అలవాటైన చెవికి ఇది గుచ్చుకుంటుంది. ధ్వనిని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ వేస్తే ఇంకా బయటపడుతుంది. ఒక కార్డ్‌కు చెవితో సర్దితే ఇంకో కార్డ్ పాడవుతుంది. దీనికి మరమ్మతు లేదు, ఎందుకంటే ఇది లోపం కాదు.

ఏది ఇంట్లో, ఏది బయట

పెన్సిల్, కొత్త తీగల సెట్, ట్యూనర్, స్క్రూడ్రైవర్, అలెన్ కీ. వీటితో చుట్లు, స్ప్రింగులు, సాడిల్, నట్ కందెన, వదులు స్క్రూలు అన్నీ ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. తీగలు కొత్తవి వేయకుండా మిగతావి కదపడం మాత్రం అనవసర శ్రమ. తుప్పు తీగతో చేసిన ఏ పరీక్షా నిలవదు.

నట్ గాడి కోయడం, అరిగిన ఫ్రెట్లు సరిచేయడం వేరే సంగతి. గాడికి సరైన మందం ఉన్న ఆకురాయి కావాలి. కాస్త లోతుగా కోస్తే తీగ మొదటి ఫ్రెట్‌కు తగిలి గరగరమంటుంది, అప్పుడిక నట్ మొత్తం మార్చాల్సిందే. సరిహద్దు ఊళ్లలో చాలామంది ఈ పనికి విశాఖపట్నం పోతారు. పోయేవాళ్లు తాము రోజూ వాయించే సెట్‌నే గిటార్‌కు ఎక్కించి తీసుకెళ్లాలి. పనివాడు గాడి కోసేది ఆ తీగ మందం చూసే.